సీసం పట్టిన మణికట్టు

మా కొండాపూర్ వాలీబాల్ జట్టులో ఎగిరి కొట్టేది నేనే అయినా, జనం వచ్చేది మాత్రం నరేందర్ వేళ్లు చూడటానికి. నెట్ పక్కన నిలబడి బంతిని పైకెత్తి ఇచ్చేవాణ్ని మేము లిఫ్టర్ అంటాం. నరేందర్ ఎత్తిన బంతి గాలిలో గిరగిరా తిరిగేది కాదు. నిదానంగా లేచి, నేను ఎగిరే చోటికి సరిగ్గా నేను ఎగిరే వేళకే వచ్చేది. కళ్లు మూసుకుని కొట్టొచ్చు.

"సాయిచందూ, నువ్వు దునుకు. బాల్ సంగతి నాకిడువు" అనేవాడు.

అలా మూడేళ్లు రాయదుర్గం వాళ్లనీ, మియాపూర్ వాళ్లనీ వరసగా ఓడించాం.

తొంభై ఏడులో మాదాపూర్ గుట్టల మధ్య గుండ్రటి టవర్ లేవడం మొదలైంది. నేను మెయిన్ రోడ్డు మీద ఎస్టీడీ బూత్ నడిపేవాణ్ని. ఇటుకల లారీలు, ఇనుప లారీలు పోతుంటే బూత్ అద్దాలు రోజంతా గడగడలాడేవి. కంప్యూటర్లు పెట్టిన ప్రతి ఆఫీసుకీ కరెంటు పోయినప్పుడు ఆదుకునే బ్యాటరీలు కావాలి. ఆ గిరాకీ చూసి రామచంద్రం అనే ఆయన మా ఊరి చివర ఒక షెడ్డు వేశాడు. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరిగించి, మళ్లీ కొత్తవిగా కట్టే షెడ్డు అది. రేకుల కప్పు, ఒకటే తలుపు, తొమ్మిది మంది పనివాళ్లు. నరేందర్‌ది కొలిమి దగ్గర పని.

అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్లు. భార్య ప్రశాంతి, నాలుగేళ్ల కూతురు చిన్ను. పని దొరికిందని ముగ్గురూ సంతోషంగా ఉన్నారు.

మరుసటి ఏడు వానాకాలానికి నరేందర్‌కి నిద్ర పోయింది. పోయిందంటే పూర్తిగా పోయింది. పడుకుంటే కాళ్లు గుంజుతాయి, కడుపులో మెలిపెడుతుంది, నోట్లో ఇనుప చెంచా పెట్టుకున్నట్టు రుచి. తెల్లారేసరికి కళ్లు నిప్పుల్లా ఉండేవి. ఎన్నడూ కసరని మనిషి చిన్నును కసరడం మొదలుపెట్టాడు. ఆటలో అతనెత్తిన బంతి నెట్ దాకా రాకుండానే పడిపోయేది.

"ఒంట్ల బలం తగ్గినట్టుంది. కసరత్తు పెంచాలె. ఒళ్లు అలిసిపోతే నిద్ర అదే వస్తది" అన్నాడు నాతో.

అన్నంత పనీ చేశాడు. తెల్లవారుజామునే లేచి రాయదుర్గం గుట్టల దాకా పరుగు. అది చాలదని మధ్యాహ్నం అన్నం వేళలో, షెడ్డులోనే, కొలిమి పక్కనే యాభై దండీలు, వంద బస్కీలు. అతనితో పనిచేసే మల్లయ్య పక్కన కూర్చుని లెక్కపెట్టేవాడట. ఎంత చేస్తే అంత నీరసం. ఎంత నీరసపడితే అంత పట్టుదల.

ఊళ్లో ఇంకో మాట పుట్టింది. నరేందర్ తాగుతున్నాడని. ఆ మాట నేనూ నమ్మాను. ఒక ఆదివారం వరసగా నాలుగు బంతులు నా మోకాళ్ల దగ్గర పడ్డాక, అందరి ముందే అనేశాను.

"తాగి గ్రౌండ్‌కు రాకు నరేందర్. ఆడేటోళ్ల ఇజ్జత్ తీయకు."

అతను నా వైపు ఒకసారి చూశాడు. చొక్కా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తాగినవాడైతే తిరగబడేవాడని ఆ పూట నాకు తట్టలేదు.

పదిహేను రోజుల తర్వాత అమీర్‌పేట నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ జట్టు మాతో ఆడటానికి వచ్చింది. మాకు మనిషి తక్కువై నరేందర్‌ని బతిమాలి పిలిచాం. ఓడిపోయాం. ఆట అయ్యాక అవతలి జట్టు కుర్రాడు, వెంకట్ అని గుంటూరు వైపువాడు, అందరికీ చేయి కలుపుతూ నరేందర్ దగ్గర ఆగిపోయాడు.

"అన్నా, రెండు చేతులూ ఒకసారి ముందుకు చాపండి."

నరేందర్ చాపాడు. ఎడమ చేయి తిన్నగా నిలిచింది. కుడి చేతి మణికట్టు తెగిన కొమ్మలా కిందికి వాలిపోయింది.

"పైకి లేపండి."

"లేపుతనే ఉన్న" అన్నాడు నరేందర్.

మేమంతా చుట్టూ మూగాం. అతని మెడ నరాలు ఉబ్బాయి, నుదుట చెమట పట్టింది. చేయి మాత్రం లేవలేదు. ఇన్నాళ్లూ అతను మాకు బంతి ఇవ్వకపోవడం కాదు, ఇవ్వలేకపోయాడు.

"మా పిన్ని డాక్టరండి. పెద్దాసుపత్రిలో చేస్తారు. రేపే వెళ్దాం" అన్నాడు వెంకట్. అక్కడికక్కడే నా బూత్‌కి వచ్చి ఆమెకు ఫోన్ చేశాడు.

మర్నాడు నేనూ వెంట వెళ్లాను. చేసిన తప్పుకు అదొక్కటే నాకు తోచిన పని. వెంకట్ పిన్ని డాక్టర్ భ్రమరాంబగారు యాభై దాటిన మనిషి, మాట మెత్తన, చూపు వాడి. నరేందర్ చేతిని చూశారు. కింది పెదవి లాగి, పళ్ల చిగుళ్ల మీద టార్చి వేసి చూశారు. కుర్చీలోంచి సగం లేచి మమ్మల్నీ దగ్గరికి పిలిచారు.

"ఇదిగో చూడండి. చిగురు అంచున నీలం గీత. పుస్తకంలో చదివి ఇన్నేళ్లయింది, కళ్లారా చూడటం ఇది మూడోసారి. మీరేం పని చేస్తారండి?"

"బ్యాటరీ షెడ్డు మేడం. సీసం కరిగిస్త."

"అదండీ దొంగ" అన్నారామె.

నెలల తరబడి దిష్టి అన్నారు, తాగుడు అన్నారు, బద్ధకం అన్నారు. ఇప్పుడు దానికొక పేరుంది. పేరున్నదానికి మందు ఉండొచ్చు.

నరేందర్ తన పరుగు గురించి, దండీల గురించి చెప్పాడు. ఆమె రాస్తున్న కలం ఆపి, "ఎక్కడ చేస్తారు దండీలు?" అని అడిగారు.

"షెడ్డులనే. అన్నం టైంల."

"కసరత్తు మంచిదేనండి. కానీ ఆ పొగలో, ఆ దుమ్ములో చేస్తే ఏమవుతుంది? ఊపిరి నాలుగింతలు పీలుస్తారు. సీసమూ నాలుగింతలు లోపలికి పోతుంది. నరాల్ని పట్టుకుంటుంది, నిద్ర చెడగొడుతుంది. నిద్ర కోసమని మీరు ఇంకో యాభై దండీలు తీస్తారు."

నరేందర్ నవ్వాడు. చాలా నెలల తర్వాత అతను నవ్వడం చూశాను. "అంటే నేనే బిందెలతోని తెచ్చి పోసుకున్న అన్నట్టు" అన్నాడు.

రక్తం తీశారు. వారానికి ఫలితం వచ్చింది, రక్తంలో సీసం లెక్క ఎనభై నాలుగు. నలభై దాటితే ఆ పని మానిపించాలని ఆమె చెప్పారు. ఆ రోజు ప్రశాంతి కూడా వచ్చింది, చిన్నును చంకనెత్తుకుని.

"డాక్టరమ్మా, ఈయన పనికెళ్లొచ్చిన బట్టలతోనే పిల్లను ఎత్తుకుంటడు. పిల్ల ఆయన ఎద మీదనే పంటది. దానికేమన్న అయితదా?" అని అడిగింది.

డాక్టరుగారితో సహా మా ముగ్గురిలో ఎవరికీ తట్టని ప్రశ్న అది. డాక్టరుగారు వెంటనే చిన్ను రక్తమూ తీయించారు. పంతొమ్మిది. పిల్లలకు పదికి లోపే ఉండాలట. ఆ అంకె విన్నప్పుడు నరేందర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కళ్లు తుడుచుకోవడానికి కుడి చేయి ఎత్తబోయి, లేవక, ఎడమ చేత్తో తుడుచుకున్నాడు.

"భయపడకండి. పాపకు మందు కూడా అక్కర్లేదు. ఇంట్లోకి దుమ్ము రానివ్వకండి, చేతులు కడగండి, పాలు, ఆకుకూర పెట్టండి. దిగుతుంది" అన్నారు భ్రమరాంబగారు.

నరేందర్‌ని ఆసుపత్రిలో ఉంచి, ఒంట్లోని సీసాన్ని మూత్రంలోకి లాగే మందు ఇచ్చారు. మణికట్టు వాలిపోకుండా కింది నుంచి ఆనిక కట్టారు. ఇంటికి వచ్చాక ప్రశాంతి చాపలు, దుప్పట్లు అన్నీ ఉడకబెట్టింది, ఇల్లంతా తడిబట్టతో తుడిచింది. కసరత్తు మళ్లీ మొదలైంది, ఈసారి డాక్టరు చెప్పినట్టు. పొద్దున చెరువు వైపు గాలిలో నడక. బల్ల అంచున ముంజేయి పెట్టి, వేలాడే చేతిని పైకి లేపే ప్రయత్నం, పూటకు ఇరవై సార్లు. మొదటి మూడు వారాలు ఏమీ కదల్లేదు. నాలుగో వారంలో చిన్ను నా బూత్‌లోకి పరుగెత్తుకొచ్చింది.

"మామా, మా నాయిన చెయ్యి గింత లేసింది" అని వేళ్లతో కొలిచి చూపించింది. గోరంత. నేను ఫోన్ మాట్లాడుతున్నవాళ్లను వదిలేసి వాళ్లింటికి పరుగెత్తాను.

నిద్ర మాత్రం బస్సులో వచ్చింది. మందు రెండో విడత అయ్యాక ఆసుపత్రి నుంచి వస్తూ, మిట్టమధ్యాహ్నం, నిలబడే చోటు లేని బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. కొండాపూర్ దాటింది, మియాపూర్ దాటింది. చివరి స్టాపులో కండక్టర్ తట్టి లేపితే, కోప్పడాల్సింది పోయి కండక్టర్ చేతులు పట్టుకుని, "అన్నా, నేను పండుకున్ననా? ఎంతసేపు పండుకున్న?" అని అడిగాడట. గంటకు పైనే అని కండక్టర్ చెప్పాడు. ఆ సంగతి చెప్పడానికి అంత దూరమూ నడిచి వచ్చాడు.

తన చేయి బాగుపడుతోందని నరేందర్ ఊరుకోలేదు. నేరుగా షెడ్డుకు వెళ్లాడు. రామచంద్రం క్యారియర్ విప్పి, అక్కడే సీసం ముద్దల పక్కన భోంచేస్తున్నాడు.

"సార్, మిగిలిన ఎనిమిది మందికీ రక్తం చూపియ్యాలె. పని బందు పెట్టుమంటలేను. ఒక్క పూట."

"నువ్వు మానేసినవు కదా, ఇగ నీకెందుకు?"

"మీరు తినే అన్నం మీద కూడ పడుతున్నది సార్, చూడుండ్రి."

రామచంద్రం క్యారియర్ వైపు చూశాడు. మల్లయ్య అప్పటికే చేతిలోని సుత్తి కింద పెట్టి బయటికి నడిచాడు. మిగతావాళ్లూ కదిలారు. కాసేపటికి ఆసుపత్రికి పోవడానికి బ్యాటరీలు మోసే లారీలోనే అందరూ ఎక్కారు, ముందు సీటులో రామచంద్రం. పొద్దున పనికి వెళ్లినవాళ్లు మధ్యాహ్నం లారీలో నిలబడి ఊరి మీదుగా పోతుంటే కొండాపూర్ అంతా వాకిళ్లలోకి వచ్చి చూసింది.

ఐదుగురికి నలభై దాటింది. ఆరోవాడు రామచంద్రమే, యాభై ఒకటి. తనకు రెండేళ్లుగా నిద్ర పట్టడం లేదని, అది వ్యాపారం పరేషాన్ అనుకున్నానని అప్పుడు చెప్పాడు.

నెలలోపు కొలిమి షెడ్డు బయటికి వచ్చింది, పైన పొగ లాగే గొట్టంతో. నల్లా, సబ్బు పెట్టారు. పని బట్టలు అక్కడే విడిచి స్నానం చేసి వెళ్లాలన్నది నియమం. అన్నం తినేది చింతచెట్టు కింద. మల్లయ్యతో సహా ఐదుగురినీ నయమయ్యేదాకా కొలిమికి దూరంగా, బ్యాటరీలు చేరవేసే పనిలో పెట్టారు. నరేందర్ మాత్రం ఆ పనికి మళ్లీ పోలేదు. కొత్త టవర్‌లో జనరేటర్లు చూసుకునే పనికి చేరాడు.

తొంభై తొమ్మిది మార్చిలో రాయదుర్గం వాళ్లతో ఆట. నరేందర్ నెట్ దగ్గర నిలబడ్డాడు. మొదటి బంతి కాస్త పక్కకు పోయింది. రెండోది తక్కువెత్తులో వచ్చింది. మూడోదానికి ముందు నేను అతని దగ్గరికి వెళ్లి, ఆ ఆదివారం అన్న మాటకు క్షమించమన్నాను. ఆట మధ్యలో ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"అయిపోయింది తీయ్. నిలబడు నీ జాగల" అన్నాడు.

మూడో బంతి లేచింది. నేను ఎగిరాను. నా అరచేయి మండింది, అవతల దుమ్ము లేచింది. గ్రౌండ్ చుట్టూ ఉన్నవాళ్లు గోల చేశారు, అందులో మల్లయ్య గొంతు అన్నిటికన్నా పైన. ఐదు సెట్లూ ఆడాం. ఆఖరి సెట్లో రెండు పాయింట్లతో ఓడిపోయాం. అయినా ఎవరూ ఇంటికి పోలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో నా బూత్‌కి భ్రమరాంబగారి ఫోన్ వచ్చింది. చిన్ను రక్తం మళ్లీ చూశామని, తొమ్మిదికి దిగిందని చెప్పారు. నేను అంకెను రెండుసార్లు అడిగి కాగితం మీద రాసుకుని, బూత్ తలుపు తెరిచే ఉంచి ప్రశాంతి దగ్గరికి పరుగెత్తాను. ఆమె బియ్యం చెరుగుతోంది. కాగితం చదివి, చేట కింద పెట్టి, ఎదురింటి వాళ్లను, పక్కింటి వాళ్లను పేరుపేరునా పిలిచి ఆ అంకె చెప్పడం మొదలుపెట్టింది.