నేను అమ్మానని రాసుకున్న సోమవారం

పన్నెండేళ్ళుగా ఒక్క పంక్తి నన్ను కూర్చోనివ్వడం లేదు. నా చేత్తో నేనే రాసిన పంక్తి. ఇంట్లో కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళను నేను నమ్మను.

ఏడో తరగతితో బడి మానేశాను. గద్వాల మార్కెట్లో పల్లికాయ తూకం వేస్తూ, పొట్లాలు కట్టే పాత పేపర్లలో ధరల పట్టికలు చదివి షేర్ల సంగతి నేర్చుకున్నాను. ఒక్కడూ నేర్పలేదు. నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాను. ఏది కొంటున్నాను, ఎందుకు కొంటున్నాను, ఎంతకు పడితే అమ్మేస్తాను, అన్నీ కొనకముందే అందులో రాసేవాణ్ణి. రాసుకున్న ధర రాగానే అమ్మెయ్యాలి, అక్కడ మనసును సలహా అడగొద్దు. ఇదీ నా నియమం. వనపర్తి నుంచి, కల్వకుర్తి నుంచి కూడా మనుషులు వచ్చి ఆ బుక్కు తిరగేసి పోయేవారు.

ఇప్పుడు ఫోన్లలో మూతిమీద మీసం రానివాళ్ళు రోజూ లాభమేనని పచ్చటి అంకెలు చూపిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎర్ర అంకెలు ఎక్కడ దాచావురా అని అడగాలనిపిస్తుంది. కానీ అడిగే నోరు నాకుందా?

ధరూర్ దిక్కు ఒక సీడ్ పత్తి రైతు ఉండేవాడు. నాకు తమ్ముడి వరస. తిమ్మప్ప అంటాను. అసలు పేరు అది కాదు. మా దిక్కు వాడకొక తిమ్మప్ప ఉంటాడు కనుక ఆ పేరు వాడుకుంటున్నాను. సీడ్ పత్తి సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. అది కంపెనీలకు విత్తనం కోసం పండించే పత్తి. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గ విప్పి లోపలి కేసరాలు గిల్లేయాలి. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి అద్దాలి. ఒక్క పూట తప్పితే ఆ కాయ విత్తనానికి పనికిరాదు. అట్లాంటి కాయ కనిపిస్తే తిమ్మప్ప, చుట్టుపక్కల ఎవరూ లేకున్నా, తెంపి పారేసేవాడు. ఇట్లాంటి మనిషికి నేను క్రమశిక్షణ పాఠం చెప్పాను!

అతను నా మాట విని నేను కొన్న షేరే కొన్నాడు. డ్రిప్పు పైపులకని పెట్టుకున్న సీడ్ పైసలు అందులో పెట్టాడు. అది పడింది. మేము రాసుకున్న ధరకు సోమవారం వచ్చింది, దాటి ఇంకా కిందికి పోయింది. తిమ్మప్ప అమ్మలేదు. ఎందుకో నాకు బాగా తెలుసు. సీడ్ రైతుకు కంపెనీకి పంట ఇచ్చాక శాంపిలు పరీక్షలో పాసై పైసలు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఎదురుచూస్తే వస్తాయన్నది వాళ్ళ ఒంట్లో ఇంకిపోయిన నమ్మకం. షేరును కూడా అట్లాగే ఎదురుచూశాడు.

మరి నేను? నేను ఎవరి పైసల కోసం ఎదురుచూశాను?

నేనూ అమ్మలేదు.

శుక్రవారం పొద్దున బుక్కు తెరిచి, సోమవారం కింద మిగిలిన ఖాళీలో, 'రాసుకున్న ధరకు అమ్మాను' అని రాశాను. అప్పటికి ఒక్క షేరు కూడా అమ్మలేదు. ఎందుకు రాశానో ఇన్నేళ్ళూ తవ్వుకుంటూనే ఉన్నాను. నా బుక్కు చూడవచ్చే మనుషులు రావడం మానేస్తారని భయమా? లేక నేను నన్నే నమ్మించుకోబోయానా? నమ్మేంత వెర్రివాణ్ణి కాదు.

ఆ రోజే మార్కెట్ పక్కన చాయ్ హోటల్లో తిమ్మప్ప కనిపించాడు. నలుగురైదుగురు ఉన్నారు.

"ఏం తిమ్మప్పా, నీ షేరు ఇంక దిగుతనే ఉందా? బోరు ఏసినట్లుంది గదనే!" అన్నాడు హోటలాయన.

తిమ్మప్ప నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వెప్పుడు అమ్మినవ్?"

"ఎప్పుడు అమ్మాల్నో అప్పుడే అమ్మిన. సోమవారం. జూడు, బుక్కుల ఉంది."

బుక్కు విప్పి అతని ముందు పెట్టాను. పంక్తి మీద వేలు పెట్టి మెల్లగా చదివాడు. "గంత పైస పోతుంటే చెయ్యి ఎట్లొచ్చిందన్నా నీకు?"

"చెయ్యి రానోడు గీ పనికి రావొద్దు. పోయి మొగ్గలు గిల్లుకో పో."

అందరూ నవ్వారు. తిమ్మప్ప చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నీకున్న మనసు నాకు లేదన్నా. ఇంకమీద నన్ను నేను నమ్మ."

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ తర్వాతి వారం తిమ్మప్ప అమ్మేశాడు. నేను అతనికంటే పక్షం రోజులు ఆలస్యంగా, అతనికంటే తక్కువ ధరకు అమ్ముకున్నాను. నష్టపోవడంలో కూడా నేనే వెనకబడ్డాను. తప్పిన రోజు తప్పానని రాసినప్పుడే బుక్కుకు విలువ అని నలుగురికీ చెప్పిన నోరు ఇదే.

తర్వాత అతను కనిపించినప్పుడల్లా అనుమానమే. "నీ బుక్కు గొప్పదన్నా" అంటే పొగిడాడా, ఎత్తిపొడిచాడా? సోమవారం సిరా, శుక్రవారం సిరా వేరుగా కనిపించాయా? పన్నెండేళ్ళు అతని కళ్ళను కాపలా కాశాను. నా మీద నాకున్న అనుమానాన్ని అతని మొహంలో వెతికానేమో.

పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళాను. ఈసారి ఏ కంపెనీ సీడ్ పెడదామని కొడుకు తండ్రిని అడుగుతున్నాడు. ఆ ఊళ్ళో ఆ ముచ్చట తిమ్మప్పకంటే ఎక్కువ తెలిసినవాడు లేడు.

"నన్నడగకు బిడ్డా. నా మనసు మోసం జేస్తది. మీ పెద్దనాయన్ను అడుగు," అన్నాడు. నా వైపు చూశాడు. "అంతే గదన్నా?"

"ఊ" అన్నాను.

బుక్కులో పంక్తి భయంతో రాశాను. ఈ 'ఊ' ఏ భయంతో అన్నాను? ఆ బుక్కు సంగతి ఇప్పుడు ఎవరూ నన్ను అడగబోవడం లేదు. అలవాటుగా అన్నాను.

క్షమాపణ అడగను. అడిగితే అందులో కూడా నా పేరు కాపాడుకునే ఎత్తు ఏదో ఉంటుందని నాకు అనుమానం. ఇది ఎక్కడైనా అచ్చయితే ఆ కొడుకు పోల్చుకుంటాడు. నాయనా, నీకే చెబుతున్నాను. ఆ సోమవారం నేను అమ్మలేదు. మీ నాయన ఎంత భయపడ్డాడో నేనూ అంతే భయపడ్డాను, ఆయన దాచలేదు, నేను దాచాను. విత్తనం సంగతి మీ నాయననే అడుగు. చెప్పనంటే మళ్ళీ అడుగు.

ఇంత రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. అంతకుమించి ఏమీ మారలేదు.