నవ్వు ఉంచి మాట కోశారు

కార్తీక మాసం, సోమవారం. మా వియ్యపురాలు చనిపోయింది. నిన్ననే దినకర్మ ముగిసింది. మనసు కుదుటపడ్డాక రాయవచ్చని మా అబ్బాయి అన్నాడు. అంత వ్యవధి లేదు. మా వైపు ఏటా జరిగే జానపద పాటల జాతర తాలూకు అసలు రికార్డులను ఈ నెలాఖరుకు చెరిపేస్తారట. ఆమె గొంతు ఇప్పుడు వాటిలో మాత్రమే ఉంది. అందుకే ఈ రోజే రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో మా ఇంట్లో బీరకాయలు తరుగుతుంటే వార్త వచ్చింది. కోడలు ఫోను పట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. "అత్తమ్మా, మా అవ్వ పోయింది" అంది, కన్నతల్లి గురించి. గుండెపోటు. రికార్డుల దిగులుతోనే పోయిందని కొందరు అంటున్నారు. నేను అలా రాయను. ఆమె చాలాకాలంగా గుండెకు మందులు వాడుతోంది. తన కోసం ఎవరైనా అబద్ధమాడితే ముందు ఆమెకే కోపం వచ్చేది.

ఆమెది మరమగ్గాల ఊరు. చిన్నప్పటి నుంచీ మగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టింది. ఆ చప్పుడును దాటి మాట్లాడాలి కనుక గొంతు పెద్దది. మా ఇంట్లో ఆమె రహస్యం చెబితే ఎదురింటివాళ్లు జవాబిచ్చేవాళ్లు. నేనేమో బళ్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నాకు నిశ్శబ్దం కావాలి. మా ఇద్దరికీ ఎలా పొసగుతుందోనని పిల్లల పెళ్లినాడే అందరూ భయపడ్డారు.

"వదినె, నీ చాయ్ గుడ నీ లెక్కనే ఉన్నది. చక్కెర ఏది?" అనేది, వచ్చి కూర్చున్న మరుక్షణం.

"ఇంకింత ఏస్తే నీ నోటికి చీమలు పడ్తయి."

"పడనియ్యి. అయ్యన్న నాతోని ముచ్చట పెడ్తయి. నువ్వైతే పెట్టవాయె."

జాతరలో ఆమె వంత పాడేది. ఆమె చిన్ననాటి జోడీ పెద్ద గాయని. ఆ గాయని ఒక వరుస పాడి ఆగుతుంది. మా వియ్యపురాలు ఆ వరుసను అందుకుని, చివర తన సొంత మాట ఒకటి తగిలిస్తుంది. జనం ఆ మాట కోసం కాచుకుని ఉండేవాళ్లు. ఎప్పుడూ మైకుకు దూరంగా, ఓ అడుగు వెనకే నిలబడేది. ఇది అణకువ అని ఎవరూ పొరబడవద్దు. బస్సులో ముందు సీటు దొరక్కపోతే కండక్టరుతో తగువు పెట్టుకునే మనిషి. ఎందుకలా వెనక నిలబడతావని ఒకసారి అడిగాను.

"మైకు కాడ నిలవడితే జనం మొహాలు కానరావు వదినె. మొహం సూడకుంట ఏం మాట అంట?"

ఒక ఏడు మందమర్రిలో పాడారు. బొగ్గు గనిలో డ్యూటీ దిగినవాళ్లు, వాళ్ల ఇల్లాళ్లు నేల మీదే కూర్చున్నారు. నేనూ వెళ్లాను. పెద్ద గాయని, "చెప్పకుంట నా మొగడు కొండగట్టుకు పోయిండు" అని పాడి ఆగింది. మా వియ్యపురాలు ముందు వరుసలో తల దించుకుని కూర్చున్న ఒకాయనను చూసి అందుకుంది: "మొక్కను పోయిండా, మొహం దాచుకోను పోయిండా?" ఆయన భార్య అందరికంటే ముందు నవ్వింది. తరవాత కాలనీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంగు అడ్డం పెట్టుకుని.

జాతర ఇన్నేళ్లుగా నడుస్తున్నందుకు ఈసారి సంబరం చేశారు. పాత రికార్డులను శుభ్రం చేసి అందరి ఫోన్లకూ పంపారు. మందమర్రి పాట కూడా వచ్చింది. మా వసారాలో మనవరాలు దాన్ని పెట్టింది. మా వియ్యపురాలు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి మరీ విన్నది. పెద్ద గాయని పాడి ఆగింది. ఆగినచోట ఫ్లూట్ మోగింది. ఆ వెంటనే జనం విరగబడి నవ్వారు.

"అమ్మమ్మా, గాళ్లెందుకు నవ్వుతుండ్రు?" అని మనవరాలు అడిగింది.

"నా మాటకే బిడ్డా. మాటను కోసిండ్రు గని నవ్వును కొయ్యరాలే" అంది. అంతే. ఆ రోజు చాయ్‌కి కూడా వంక పెట్టలేదు.

నేను జాతర కార్యదర్శికి ఫోను చేసి, పాటలో వంత ఏమైందని అడిగాను.

"పరేషాన్ గాకుండ్రి మేడం. ఎనుకనుంచి ఎవరో అరిసినట్టు, ఒర్రినట్టు వస్తుండె. సాఫ్ చేసినం."

"ఒర్రింది మా వియ్యపురాలు. పాటల సగం ఆమెదే."

"గదే మేడం, సగం వంతనే ఉన్నది. ఇప్పటి పోరగాండ్లు గట్ల ఇనరు. ఖాళీ ఉన్నకాడ ఫ్లూట్ పెట్టినం గద, మస్తొచ్చింది."

అసలు రికార్డులను ఏం చేస్తారంటే, జాగా లేదు, నెలాఖరుకు తీసేస్తామన్నాడు. నా క్లాసులో ఎవరైనా ప్రశ్న చెరిపేసి జవాబు ఒక్కటే ఉంచితే సున్నా వేసేదాన్ని. వీళ్లు అదే పని చేసి సంబరం అంటున్నారు.

ఇంకా ఉంది. ఆమె పోయాక సంతాప సభ పెట్టారు. దండ వేసిన ఫోటో, రెండు నిమిషాల మౌనం. "పాటకు సహకరించిన సోదరి" అన్నారు. సహకారమట! ఆ తరవాత నివాళి అని చెప్పి ఆ శుభ్రం చేసిన పాటనే వేశారు. అందరూ తలలు దించుకుని కూర్చున్న హాల్లో ఆ నవ్వు మోగింది. ఆమె ఫోటో ముందే, ఆమె మాట లేకుండా. నా కోడలు లేచి బయటికి వెళ్లిపోయింది. వేదిక మీది పెద్దలకు ఏం జరిగిందో కూడా తెలియలేదు.

ఆమెకు నేను చాలా రుణపడి ఉన్నాను. గట్టిగా నవ్వడం తప్పు కాదని ఈ వయసులో నాకు నేర్పింది ఆమె. గట్టిగా అడగడం కూడా తప్పు కాదు. అందుకే జాతరవాళ్లను అడుగుతున్నాను.

1. అసలు రికార్డులు ఒక్కటి కూడా చెరపకూడదు. జాగా లేకపోతే మా ఇంటికి పంపండి. ముందుగది ఖాళీ చేయించాను.

2. ఇప్పుడు పంపిన పాటలను ఉపసంహరించుకుని, వంతతో సహా మళ్లీ విడుదల చేయాలి. ఫ్లూట్ తీసేయాలి.

3. ప్రతి పాట కిందా వంత పాడినవారి పేరు రాయాలి. "బృందం" అని రాస్తే ఒప్పుకోను. ఇక్కడ ఆమె పేరు నేను రాయలేదు, కావాలనే. ముందుగా రాయవలసినవాళ్లు వాళ్లు.

4. వచ్చే జాతరలో పెద్ద గాయనికి వంత ఉండాలి. మొన్నటి సంతాప సభలో చివర ఆ గాయనిని కూడా పాడమన్నారు. ముసలామె లేచి ఒక వరుస పాడి, అలవాటుగా ఆగింది. హాల్లో ఎవరూ అందుకోలేదు. ఎప్పుడూ ఓ అడుగు వెనక ఉండే భుజం మీద వేయడానికి చేయి చాచింది. అక్కడ ఎవరూ లేరు. ఆ చేతిని అలాగే కాసేపు ఉంచి, మెల్లగా వెనక్కి తీసుకుని, కొంగు సర్దుకుంది.