మడిలో గ్యాసు పడిందట

సూరమ్మ వరిమడిలోకి దిగి, కంటికి కనపడని లేజర్ కిరణానికి అడ్డంగా నిలబడగానే తెర మీద అంకెలు ఆగిపోయాయి.

"సూడండి బావూ, గ్యాసు నేదు! నేదనే రాసుకోండి" అంది.

అది రాయగడ జిల్లా పద్మపూర్ దగ్గరి పొలం. నీళ్లు నిలిచిన మళ్లలో పుట్టి గాలిలో కలిసే మీథేన్‌ను కొలవడానికి ఇద్దరు పరిశోధకులు ఒక గట్టున లేజర్ పరికరం, ఎదుటి గట్టున అద్దం నిలబెట్టారు. వాళ్లకు తెలుగు రాదు. వార్త కోసం వెళ్లిన నేనే, "మీ మడిలోంచి గ్యాసు వస్తోందమ్మా" అని చెప్పాను. భూమి కింద గ్యాసు పడిందనుకుంది ఆమె.

"బురదలో పుట్టేదమ్మా. వరిమడి అన్నాక ఎక్కడైనా ఉంటుంది" అన్నాను.

"అందరికీ ఉంటే మా మడికే ఎందుకొచ్చేరు? డేమ్ కట్టినప్పుడూ ఒట్టినే కొలుత్తున్నామన్నేరు. మా మావ భూమి నీళ్లల్లో కలిసిపోయింది. ఇది పోదని పేపర్లో రాత్తావేటి?"

ఎన్నో ఏళ్లుగా వార్తలు రాస్తున్నా, ఆ ఒక్క వాక్యం రాస్తానని అనలేకపోయాను. ఆమె మాట పరిశోధకులకు హిందీలో చెప్పాను. "మా పని కొలవడం వరకే" అంటూ వాళ్లు పరికరం సర్దుకున్నారు. వాళ్ల జీపు వెళ్లిపోయినా సూరమ్మ మడిలోంచి పైకి రాలేదు.

ఆ మడికి ఆమె పేరున ఇంతవరకూ పట్టా రాలేదు.