రాణి చావుకు కుట్టిన గౌను

కథ ప్రకారం రాణి విషం తాగి చావాల. హాలు నిండా జనం కండ్లనీళ్ళు పెట్టుకోవాల. వేలూరులో ఆ సాయంత్రం జనం కండ్లనీళ్ళయితే పెట్టుకున్నారు, కానీ ఏడ్చి కాదు. అంత బంగారం లాంటి చావును పాడుచేసింది ఎవురో కాదు, ఈ కథ చెప్తా ఉండే నేనే.

అప్పుడు నేను చెన్నైలో గుడ్డల డిజైను చదివి గుడియాత్తం తిరిగొచ్చిన కొత్త. మాది లుంగీలు నేసే ఇల్లు. నేను చదివింది గుప్పెడు, తలకెక్కింది గంపెడు. వేలూరులో పాటల నాటకాలు ఆడించే సెల్వం సారు నన్ను పిలిపించినాడు. ఆ నాటకంలో మాటనేదే ఉండదు. నీళ్ళు అడగాలన్నా పాటే, కత్తి దూయాలన్నా పాటే. దొరలు ఒపెరా అంటారే, అది. మున్నూరేండ్ల నాటి ఫ్రెంచి రాజుల కథ.

"బట్టలు చూసినోళ్ళు ఆ కాలానికి పోవాలమ్మా. బాగా చేస్తే ఇంక నా నాటకాలన్నీ నీకే," అన్నాడు సారు.

"పోతారు సార్. తిరిగి రారు," అన్నాను. నోరు చూడండి నాకు!

ఆ కాలం రాణుల పావడ నడుము కాడ సన్నం, కింద తేరంత వెడల్పు. లోపల వలయాలుంటాయి. పేము బెత్తాలు వంచి వలయాలు కట్టినాను. కదలకుండా నిలువు బద్దలు కూడా బిగించేసినాను. నిజానికి వాటిని మెత్తటి పట్టీలతో వేలాడదీయాలంట, అప్పుడే మడుచుకుంటాయంట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అన్నీ నాకు తర్వాతే తెలుస్తాయి.

మా నాయన మగ్గం దిగొచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసినాడు.

"ఏంది పాపా, కోళ్ళగంప అల్లుతా ఉండావా?"

"రాణిగారి పావడ నాయనా."

"అప్పిడియా! లోపల రాణి ఒకతేనా, పరివారం కూడానా?"

రాణి వేషం జయంతిది. లత్తేరి పిల్ల, వేలూరులో పాట టీచరు. రిహార్సల్ నాడు గౌను తొడుక్కోని, "అక్కా, ఒకసారి పడి చూస్తానే," అంది.

"కొత్త లేసు వేసుకోని నేల మీద పొర్లుతావా? బొమ్మకు తొడిగి చూసినా. గోపురం మాదిరి నిలబడింది."

"బొమ్మ చావదు గదక్కా."

"ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, చావలేనమ్మ పావడ ఓడన్నదంట!" అని దాని నోరు మూయించినాను.

నాటకం నాడు నాయన ఇస్త్రీ పంచె కట్టి ముందు వరసలో కూర్చున్నాడు. జయంతి వచ్చి నిలబడితే హాలంతా 'ఆఁ' అనింది. పక్క తెర చాటున నేను నేల మీద లేను.

కడపటి సీను వచ్చింది. రాణి విషం తాగి, పాడి, ప్రియుడి ఒళ్ళో వాలిపోవాల. ప్రియుడు డేనియల్ చేతులు చాపినాడు. నడమన పావడ ఉండాదే, రాణి యాడ అందుతాది? వేలికొనలు తగిలినాయి, అంతే. జయంతి తనంతట తానే వెల్లకిలా పడింది.

పడిందే తడవు, పావడ లేచింది! తిరగబడిన గొడుగు మాదిరి నిట్టనిలువుగా లేచింది. రాణి మొగం మాయమై, లోపల నేను కుట్టిచ్చిన పైజామా బయటపడింది. 'ఎవురికి కనబడతాదిలే' అని మా ఇంటి నీలం గళ్ళ లుంగీగుడ్డతో కుట్టినాను. ఫ్రెంచి రాణి సగానికి సగం గుడియాత్తం అయిపోయింది.

డేనియల్‌కు ఇంకా పాట మిగిలుండాది. ఆ పాట ఏందంటారా? "నీ మొగం ఒక్కసారి చూపించు రాణీ!" పాడతా ఎడమ పక్క అదిమితే కుడి పక్క లేస్తాది, కుడి పక్క అదిమితే ఎడమ. హాలు గొల్లుమనింది. మా నాయనకు ఆ బాధ చూడలేక కాలు నిలవలా. లేచి, కూర్చోమని అరవంలో గట్టిగా అరిచినాడు:

"నాయనా, ఉక్కారు! దాని మీద ఉక్కారప్పా!"

డేనియల్ బుద్ధిమంతుడు. కూర్చున్నాడు.

ఫటక్కున బెత్తాలు విరిగినాయి. చచ్చిపోయిన రాణి "అమ్మా!" అని లేచి కూర్చునింది. తెర దించాల్సిన మనిషి తాడు వదిలిపెట్టి, కడుపు పట్టుకోని నవ్వుతా ఉండాడు.

సెల్వం సారు కోప్పడలా. "ఈసారి మునుల కథ వేస్తానమ్మా. వాళ్ళకు నారబట్టలు చాలు," అన్నాడు. జయంతి గౌను చంకన పెట్టుకోని వచ్చి, "ఇప్పుడు బాగా మడుచుకుంటాదక్కా," అని చేతికిచ్చింది.

గుడియాత్తం బస్సులో నాయన కిటికీ పక్క కూర్చోని తల గోక్కుంటా ఉండాడు. నన్నెట్ల ఓదార్చాలా అని ఆలోచిస్తా ఉండాడనుకున్నాను. కాట్పాడి దాటినాక నా పక్క తిరిగినాడు.

"పాపా, కథంతా అర్థమైంది. ఒకటే సందేహం. ఆ యమ్మ విషం తాగి చచ్చిందా, వాడు కూర్చుంటే చచ్చిందా?"

ఆ పొద్దే నా కుట్టుమిషను మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాను. ఇంక ఈ జన్మలో, నాటకంలో చచ్చేవాళ్ళు రాజులు గానీ బంట్లు గానీ, ముందుగా మా ఇంట్లో చాపేసి, నా కండ్ల ముందర ఒకసారి చంపి చూసుకోందే గుడ్డలియ్యను.