సుగుణమ్మ తెచ్చిన పాత చీరలు

మా ఆడబిడ్డ సుగుణమ్మ కుప్పంలో ప్రభువు సన్నిధి చేరుకుందని ఫోను వచ్చినప్పుడు నేను పుంగనూరులో ఇంటి ముందు కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తున్నాను. "పొద్దున గదమ్మా నా చేతి సంగటి తినిపాయె" అన్నాను ఫోనులోని నర్సమ్మతో, ఆ పిల్ల అబద్ధం చెబుతున్నట్టు. మదనపల్లె ఆసుపత్రి ప్రసూతి వార్డులో ఆయుష్షంతా సేవచేసి, ఈ ప్రాంతంలో ఎందరి బిడ్డలనో తల్లికంటే ముందు తన చేతుల్లోకి తీసుకున్న ధన్యజీవి, కుప్పం బస్టాండులో బస్సు దిగి నాలుగడుగులు వేసి కూలిపోయిందట. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదట.

మన సంఘ పత్రికకు ఆమెను గురించి రాయమని పాస్టరుగారు అడిగారు. నేను ఐదో తరగతితో బడి మానినదాన్ని. బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు తప్ప వేరే తెలుగు రాదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే సమాధి దగ్గర మన్ను వేస్తుండగానే నా వెనక ఎవరో, "ఈమే గదా ఐరోపాకు పోయి పాత చీరలు తెచ్చింది" అని నవ్వారు. ఆ నవ్వు విని నా తల వాలిపోయింది. ఆ చీరల సంగతి మొదటినుంచీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ఎల్సమ్మగారిని పెద్దవాళ్ళు మరచిపోయి ఉండరు. జర్మనీ నుంచి వచ్చి మన ఆసుపత్రిలో నర్సులకు పెద్దగా ఉండి, సుగుణకు విద్య నేర్పిన గురువు ఆమె. తొంభైల మొదట్లో పదవీ విరమణచేసి స్వదేశానికి మరలిపోయేనాడు బి.కొత్తకోట నుంచి, పెద్దమండ్యం నుంచి, శాంతిపురం నుంచి కాన్పులైన ఆడవాళ్ళు వచ్చి తలా ఒక చీర పెట్టి సాగనంపారు. చాలా ఏళ్ళ తరువాత జర్మనీలో ఆమె ఊరి సంఘంవారు ఈస్టరుకు మన స్త్రీల సమాజం నుంచి ఇద్దరిని పిలిచారు. సుగుణ పేరు ఎవరూ అడగకుండానే ఖాయమైంది. తోడుగా నన్ను పంపారు. ఎల్సమ్మగారు ఫోను చేసి మన తెలుగులోనే, "సుగుణా, నా కాడ మీ వాళ్ళవి కొన్ని ఉండాయి. నేను పోకముందే వచ్చి తీసకపో" అన్నారట.

నేను పెద్ద పెట్టె సర్దాను. రాగిపిండి, చింతపండు, గోంగూర ఊరగాయ, పొడులు. పరాయి దేశంలో తిండికి రూపాయి ఖర్చు కాకూడదని నా పట్టుదల. సుగుణ సర్దుకున్నది విమానంలో తల మీది అరలో పట్టే చిన్న సంచి. రెండు నూలు చీరలు, ఒక స్వెట్టరు, బైబిలు. అదీ సగం ఖాళీ.

"ఎత్తు సూస్తాం వదినా నీ పెట్టె" అంది. ఎత్తలేకపోయాను. "ఆడ కూలోళ్ళు ఉండరు. రైలు మెట్లు మనమే ఎక్కల్ల."

"సుట్టాలింటికి ఒట్టి చేతుల్తో పోతామా? ఏమనుకుంటారు?"

"ఒక చెయ్యి ఒట్టిగానే ఉండల్ల వదినా. రెండు చేతులూ నిండితే పడేవాళ్ళను ఎవరు పట్టుకుంటారు?"

వార్డులో చిన్న నర్సులకు చెప్పే మాట అది. నా పెట్టె ఇంట్లోనే ఉండిపోయింది. నాకూ అంతే సంచి, అవే రెండు చీరలు.

మదనపల్లె బస్టాండుకు మన ఆడవాళ్ళు పొట్లాలతో వచ్చారు. సుగుణ ఒక్కటీ అందుకోలేదు. బి.కొత్తకోట రాహేలమ్మ మొహం ముడుచుకుంది. "ఏమ్మా, నేను పెట్టిన వడియాలు తెల్లోళ్ళ నోటికి పోవా?" అంది. "వాళ్ళ నోరు పెద్దదే రాహేలమ్మా, నా సంచే చిన్నది" అని సుగుణ నవ్వింది. ఎవరూ నవ్వలేదు. బస్సు కదిలేవరకు నేను కిటికీ వైపు చూడలేదు.

ఉన్నవి రెండే చీరలు కాబట్టి ఒకటి కట్టుకుని ఒకటి ఉతుక్కోవాలి. ఆ దేశంలో ఆదివారం బయట బట్టలు ఆరేయరాదట. మాకేం తెలుసు. చెట్లన్నీ పూసి, గుడి గంటలు మోగుతున్న ఆదివారం ఉదయాన నా ఎర్రగళ్ళ చీర మేడ మీది నుంచి కిందింటి కిటికీ దాకా వేలాడింది. నీళ్ళు కిందాయన పూలకుండీల్లో కారాయి. ఆయన పైకి వచ్చి మాకు ఆతిథ్యమిచ్చిన ఆమెను నిలదీశాడు. ఆమె మొహం కందిపోయింది. నేను గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. సుగుణ కిందికి దిగిపోయి, ఆ కుండీల కింది నీళ్ళు తానే తుడిచి, చాలాసేపటికి వచ్చింది.

"ఏమన్నాడే ఆ మనిషి?"

"తిట్టినాడు, కాఫీ ఇచ్చినాడు. రెండూ నాకు సరిగ్గా తెలీలేదు. రెండూ తీసుకుంటి."

ఎల్సమ్మగారు వృద్ధుల ఆశ్రమంలో ఒక గదిలో ఉన్నారు. బీరువా తెరిచి చూపించారు. అన్నీ మన చీరలే. ఇంట్లో ఉన్నప్పుడు అవే కట్టుకునేవారట. నలిగి, వెలిసి, పట్టుకుంటే వెన్నలా ఉన్నాయి. ప్రతి చీర అంచున పెట్టినవారి పేరు, ఊరు దారంతో కుట్టి ఉన్నాయి.

"కూలి చేసుకునేవాళ్ళు పెట్టినారు సుగుణా. వద్దంటే నొచ్చుకుంటారని తీసుకుంటి. నేను పోతే ఈడ చెత్తలో ఏస్తారు. ఎవురిది వాళ్ళింటికి చేర్చు. ఒక్కటీ మిగలకూడదు."

సుగుణ మాట ఇచ్చింది. సంచి చాలక తన రెండో చీర, స్వెట్టరు అక్కడే వదిలి, కట్టుబట్టతో తిరిగి వచ్చింది. ఆ వానాకాలంలోనే ఎల్సమ్మగారు కన్నుమూశారు.

మేము తిరిగి వచ్చిననాడు మదనపల్లెలో సుగుణ ఇంటినిండా జనం. సబ్బులు, సెంట్లు, చాక్లెట్లు వస్తాయని పిల్లలను కూడా తెచ్చారు. సంచి విప్పితే పాత చీరలు. "ఈటికోసం ఇమానం ఎక్కల్లనా? మన సంతలో కొత్తవే దొరుకుతాయి గదా" అన్నారు ఎవరో. ఇల్లంతా నవ్వు. నేను వంటింట్లోకి తప్పుకున్నాను.

అసలు అవమానం బి.కొత్తకోటలో జరిగింది. రాహేలమ్మ తల్లి పెట్టిన చీరను ఇద్దరం తీసుకుపోయాం. పెట్టిన చీరను తిప్పి ఇవ్వడమంటే మన సీమలో సంబంధం తెంచుకోవడమే. ఆ జర్మనీ తల్లికి అది తెలియదు. ఇక్కడ పుట్టిన మా ఇద్దరికీ ఆ వేళ తట్టలేదు. "మాయమ్మ పెట్టింది తిప్పి పంపిందా? అంత కానిదాయనా?" అని రాహేలమ్మ ఆ చీరను గడప బయట పెట్టింది. వీధివాళ్ళు చూస్తుండగా సుగుణ దాన్ని తీసి దులిపి సంచిలో పెట్టుకుంది.

కొన్ని నెలలకు రాహేలమ్మ కూతురికి ఆడపిల్ల పుట్టింది. సుగుణ అదే చీరతో పోయింది. ఈసారి గడపలో ఆగలేదు. నేరుగా లోపలికి నడిచి, దూలానికి ఉయ్యాల కడుతూ మాట్లాడింది. "కొత్త గుడ్డ పసిదాని ఒంటికి గీరుకుంటాది రాహేలమ్మా. మెత్తనిది కావల్ల. ఆ మహాతల్లి మీయమ్మ చీరను ఇన్నేండ్లు కట్టి కట్టి, నీ మనవరాలికని మెత్తన చేసి పంపించింది." రాహేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఉయ్యాల మొదట ఊపింది ఆమే.

అప్పటినుంచి సుగుణ పద్ధతి అదే. ఏ చీర తాలూకు ఇంట్లో కాన్పు వస్తుందా అని ఏళ్ళతరబడి కనిపెట్టుకుని ఉండేది. వస్తే ఎండనక, వాననక బయలుదేరేది. ఏ ఇంట్లోనూ మళ్ళీ ఎవరూ వద్దనలేదు. చివరికి శాంతిపురం చీర ఒక్కటి మిగిలింది. ఆ ఇంటి పిల్లలు బెంగళూరులో పనులు చేసుకుంటారు. కోడలు కాన్పుకు ఊరికి వచ్చి, మగపిల్లవాణ్ణి కన్నదని తెలిసి, నా ఇంట సంగటి తిని, కుప్పం మీదుగా శాంతిపురం పోదామని ఆమె బస్సెక్కింది.

కుప్పం ఆసుపత్రిలో ఆ సంచి నా చేతికిస్తూ, "ఈమె సామాను ఇంతేనా అమ్మా? వెనకాముందూ ఎవురూ లేరా?" అని అడిగారు. నేను సంచి విప్పి చూశాను, శాంతిపురం చీర అందులోనే ఉంది.

మూడోనాటి ప్రార్థన ముగిశాక ఆ చీర తీసుకుని నేనే శాంతిపురం పోయాను. బిడ్డ నాయనమ్మ మంచి మనిషి. మజ్జిగ ఇచ్చింది, అంతా విన్నది. "పెద్దమ్మా, సచ్చిపోయినామె సంచిలో ఉండిన గుడ్డను పసిబిడ్డకు ఎట్ల కట్టేది? నువ్వే సెప్పు" అంది.

ఆమె తప్పేమీ లేదు. మా ఇంట్లోనైతే నేనూ అదే అనేదాన్ని. సుగుణ ఉండి ఉంటే ఆ ఇంట ఏదో ఒక మాట అని ఉండేది, ఆ మాటతో ఉయ్యాల కట్టి ఉండేది. ఆ మాట కోసం నేను చాలాసేపు వెతికాను. నాకు దొరకలేదు. లోపల బిడ్డ ఏడుస్తున్నాడు. మజ్జిగ గ్లాసు కిందపెట్టి, చీర చంకన పెట్టుకుని, వచ్చిన దారినే వచ్చేశాను.

పోయినవారి లోటు తీర్చలేనిదని ప్రతి సంస్మరణలోనూ రాస్తారు. నేను శాంతిపురం దాకా పోయి, ఆ గడపలో నిలబడి, తెలుసుకుని వచ్చి రాస్తున్నాను. ఆ చీర నా దగ్గరే ఉంది. ప్రభువు ఆమెను తన కౌగిట దాచుకొనునుగాక. రేపు ఆమెను కలుసుకున్నప్పుడు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో నాకు తెలియడం లేదు.

— వదిన మార్తమ్మ, పుంగనూరు