దారం కుదరని దండాసి

దండాసి గాలానికి దారం ఎంచుకోవడం మొదలుపెడితే వాగులో చేపలు ముసలివైపోవాల్సిందే. అతను దేశం వదిలి, సముద్రం దాటొచ్చి బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోసేవాడు. గడ్డం గీయించుకుందామని జపాను మంగలి దగ్గరికి వెళ్లి, వాళ్ల దేశపు గాలం పిచ్చి అంటించుకుని వచ్చాడు. ఆ గాలానికి ఎర ఉండదు. ముల్లుకు ఈక చుట్టి, నీళ్లమీద పురుగులా ఆడించాలి. వెదురు కొసకు కట్టిన దారమే సర్వస్వం.

గాలి లేచిందా, సన్నదారం ఎగిరిపోతుందట. గాలి పడిపోయిందా, లావుదారం నీడకే చేప బెదురుతుందట. జట్కాగుర్రాల తోక వెంట్రుకలతో పేనిన దారాలను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఈలోగా పొద్దు గుంకేది. చేపలు పడ్డాయా అని ఎవరైనా అడిగితే ఖాళీ బుట్ట చూపించేవాడు.

"దారం కుదర్లేదు."

పక్కగది నరసమ్మకు మాత్రం ఇది నవ్వులాట కాదు. ఆమె మగడు లింగరాజు వానాకాలంలో ఆ నీళ్లలోనే పడిపోయాడు. శవం దొరకలేదు. నీళ్లలో పోయి నిప్పు సోకనివాడు ఇల్లు వెతుక్కుంటూ వస్తాడని వాళ్ల ఊరి నమ్మకం. మునిమాపు మంచులో ఆ ఉత్త దారం తనంతట తానే ఆడుతుంటే, దండాసి దానితో గుసగుసలాడుతుంటే, ఆమెకు ఒళ్లు జలదరించేది.

ఆ తర్వాత చేపలు రావడం మొదలైంది. తెల్లారి తలుపు తీస్తే గడపమీద తడిచేప, మొప్పలు ఇంకా కదులుతూ. వాగు నుంచి తడి అడుగులు వచ్చి, ఆమె గడప దగ్గర ఆగిపోయేవి. మగడు పోయాక ఒకరి చేతికింద బతకనని ఇరుగుపొరుగు ఇచ్చిన బియ్యం కూడా తిప్పి పంపిన మనిషి ఆమె. కానీ మగడే తెచ్చి పెడితే కాదనేదెలా? వణుకుతూనే వండేది. పిల్లలు వేళ్లు నాకేవారు.

చివరికి భయమే గెలిచింది. తాను తింటున్నన్నాళ్లూ ఆయనకు ఒడ్డు దొరకదనుకుంది. గది ఖాళీచేసి, పిల్లలతో ఓడెక్కి దేశం వెళ్లిపోదామని మూటలు కట్టింది. పిల్లలు ఒకటే ఏడుపు.

వెళ్లేముందు ఆఖరి చేప కోస్తుంటే నోట్లో ఈకముల్లు కనబడింది. దానికి తెగిన దారం, తెల్లవెంట్రుకల్లో ఒక్క నల్లవెంట్రుక కలిపి పేనింది. ఆ నల్లది లేకపోతే కొస కంటికి ఆనదని దండాసి గోడవతల ఎన్నిసార్లు వాదించాడో! ఆమె గడప నుంచి అతని గడపకు ఒక్క అంగే.

అయితే లింగరాజు ఎప్పుడో ఒడ్డు చేరిపోయాడన్నమాట. భయం వదిలింది, కాస్త దిగులూ వేసింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. మూటలు విప్పేసింది.

సాయంత్రం వాగు ఒడ్డున తోటికూలీ గోపాలం, మిగతావాళ్లు ఎప్పటిలాగే దండాసి ఖాళీ బుట్ట చూసి నవ్వుతున్నారు. నరసమ్మ బిందెతో వచ్చి అతని పక్కన ఆగింది.

"దండాసన్నా," అంది మెల్లగా, "రేపు కాసింత లావు దారం కట్టు. పిల్లలు పెద్ద సేప కావాలంతన్నారు."

దండాసి చెవులు ఎర్రబడ్డాయి. గంభీరంగా దారాల కట్ట విప్పాడు.

"లావంతే ఏపాటి లావు, నరసమ్మా?"

జవాబు వినకుండానే మొదటి దారం చెవి దగ్గర పెట్టుకున్నాడు.