గుర్రపు ఏడాదికి ఎర్ర సాక్సులు

ఫ్రీమాంట్ నుంచి రైల్లో, నెలల పాపతో మొదటి ప్రయాణం. ఎవరు తుమ్మినా పాపను దగ్గరికి లాక్కుంటున్నాను. దాని బుగ్గ మీద నల్లచుక్క ఏమిటని ఎదుటి సీటులోని చైనా బామ్మ వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. దిష్టి తగలకుండా అన్నాను.

"మంచిది. మాకిది గుర్రం సంవత్సరం, పన్నెండేళ్లకోసారి వస్తుంది. నువ్వు ఎప్పుడు పుట్టావు?"

"తొంభైలో."

"నువ్వూ గుర్రమే!"

"అయితే ఈ ఏడాది నాదే!" అని సంబరపడ్డాను.

బామ్మ కంగారుగా చెయ్యి అడ్డం ఊపింది. "కాదు, కాదు! సొంత సంవత్సరమే గండం. ఎరుపు వేసుకోవాలి. పాపకి చుక్క పెట్టావు, మరి నీకో?"

పాప పుట్టాక నా గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"మా అమ్మాయిదీ గుర్రమే" అంటూ, కూతురి కోసం కొన్న ఎర్ర సాక్సుల్లోంచి ఒక జత నా చేతిలో పెట్టింది.

"ఏంటోయ్, శాంటా క్లాజ్‌లా?" అని ఇంట్లో మా ఆయన నవ్వారు. నవ్వితే నవ్వనీ అని, ఆ ఏడాదంతా వాటినే ఉతికి ఉతికి తొడుక్కున్నాను.